ఆర్‌సీసీబీ పడిపోతోందని తీసేయమన్నారు

ఆర్‌సీసీబీ అంటే, కరెంటు దారి తప్పి లీకైతే దానంతటదే 'పడి' సరఫరా కట్ చేసే రక్షణ స్విచ్. మా ఇంటికి అది ఎలా వచ్చిందంటే, వాషింగ్ మెషిన్ ముట్టుకుంటే జిల్లుమంటోందని మా అత్తయ్య దాని ముందు చెక్క పీట వేసుకుని, కాళ్లకు స్లిప్పర్లు తొడుక్కుని బట్టలు వేసేవారు. సర్వీసు మనిషి వచ్చి, మెషిన్‌లో ఏమీ లేదు, ఇంటి ఎర్తింగ్ (లీకైన కరెంటుని భూమిలోకి పంపే ఏర్పాటు) చూపించుకోండని చెప్పి వెళ్లిపోయాడు. మాది మల్కాజిగిరిలో మామయ్య తొంభైల్లో కట్టించిన ఇల్లు. కింద మేము, పైన అద్దెకున్నవాళ్లు. ఎప్పుడూ వచ్చే ఎలక్ట్రీషియన్ని అడిగితే, "ఎర్తింగ్ ఎందుకుండదు మేడం, ఇంటి ఎనక గుంత తీసిన్రు కదా. సాకెట్ల వైర్లు అటిటు మారుస్తా, పోతది" అన్నాడు. మార్చాడు. పోలేదు.

పోదు కూడా. ఇప్పటి మెషిన్లలో కరెంటు వచ్చే చోట ఒక ఫిల్టర్ ఉంటుంది. అందులో ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) నుంచి ఒక చిన్న కెపాసిటర్, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) నుంచి ఒకటి, రెండూ బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే బాడీ సగం వోల్టేజీ దగ్గర నిలబడిపోతుంది. మీటర్ పెడితే 110 వోల్టుల దాకా చూపించింది. కెపాసిటర్ల గుండా వచ్చే కరెంటు చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అలాంటి పాయింటుకే గీజర్ తగిలించి, దాని కాయిల్ పాడైతే ఊరుకోదు.

తెలిసినవాళ్ల ద్వారా లైసెన్సు ఉన్న ఒక కాంట్రాక్టర్‌ని పిలిపించాం. పెద్దాయన, మాట తక్కువ. ముందు సాకెట్ విప్పాడు. పచ్చ వైరు డబ్బా లోపలిదాకా వచ్చి, టేపు చుట్టుకుని, దేనికీ తగలకుండా కూర్చుంది. వెనక గుంత మీద టైల్స్ వేసేశారు. వాటిని లేపితే, గుంతలోని పైపుకి క్లాంపు బిగించిన చోట జీఐ వైరు (జింకు పూసిన ఇనప తీగ) తుప్పు పట్టి, వేలితో కదిపితే పొడిలా రాలింది. ఎర్త్ టెస్టర్ పెట్టి చూస్తే ఆ పైపు పనికిరాదని తేలింది.

కొత్త గుంత అనగానే టెన్షన్ మొదలైంది. హైదరాబాద్‌లో నాలుగడుగులు తవ్వితే రాయి తగలడం కొత్తేమీ కాదు, మాకూ తగిలింది. చివరికి చిన్న డ్రిల్లింగ్ మెషిన్ తెచ్చి రంధ్రం వేసి, పైపు దించి, చుట్టూ బెంటొనైట్ అనే ఒక రకం బంకమట్టి పోశారు. పాత పద్ధతిలో ఉప్పు, బొగ్గు వేస్తారు కదా అని అడిగాను. ఉప్పు వానకి కొట్టుకుపోతుంది, పైపుని తినేస్తుంది, ఎండాకాలమంతా నీళ్లు పోస్తూ ఉండాలి అన్నాడు. బెంటొనైట్ తడిని పట్టి ఉంచుతుందట.

కొత్త ఎర్త్ రీడింగ్ (కరెంటు భూమిలోకి పోవడానికి ఉన్న అడ్డు) 5 ఓమ్‌లు వచ్చింది. ఇక అయిపోయిందనుకుంటే, ఆయన బిల్లు వెనక లెక్క వేసి చూపించాడు. 230 వోల్టుల్ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్‌ని కూడా కలిపితే ఇంకా తక్కువ. గీజర్‌కి ఉన్న 20 ఆంపియర్ల 'సీ' రకం ఎంసీబీ (కరెంటు మోతాదు మించితే దానంతటదే పడే స్విచ్) తక్షణం పడాలంటే కనీసం 100 ఆంపియర్లు, ఒక్కోసారి 200 దాకా కావాలి. అంటే గీజర్ బాడీకి ఫేజ్ తగిలినా ఎంసీబీ సెకన్ల కొద్దీ, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు పడదు. ఎంసీబీ ఉన్నది వైర్లు కాలకుండా. మనిషి కోసమైతే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టాలి. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానమా కాదా అని చూడటమే దాని పని. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే 0.3 సెకన్లలోపు, 150 వస్తే 0.04 సెకన్లలోపు కట్ చేయాలని ప్రమాణం.

ఎలక్ట్రికల్ షాపులుండే ట్రూప్ బజార్‌లో అడగ్గానే ఇచ్చింది 'ఏసీ' రకం ఆర్‌సీసీబీ. దాని మొహం మీద ఒక అల గుర్తు మాత్రమే ఉంటుంది. 'ఏ' రకం మీద ఆ అల కింద సగం అలల గుర్తు కూడా కనిపిస్తుంది. ఇన్వర్టర్ మోటారున్న వాషింగ్ మెషిన్లకి, ఎయిర్ కండిషనర్లకి కనీసం అదైనా ఉండాలని కాంట్రాక్టర్ ముందే చెప్పాడు కాబట్టి గట్టిగా అడిగి తెచ్చుకున్నాం.

అసలు కథ బిగించాక మొదలైంది. సాయంత్రం లైట్లు, ఫ్యాన్లు వేస్తే ఠక్కున పడిపోవడం. అన్ని ఎంసీబీలూ దించితే నిలబడుతుంది, ఏది ఎత్తినా పడుతుంది. పాత ఎలక్ట్రీషియన్ వచ్చి చూసి, "పీస్ ఖరాబున్నది మేడం, తీసేసి డైరెక్టు ఇస్తా" అన్నాడు. మా వారు కూడా దాదాపు ఒప్పుకున్నారు, మర్నాడు ఆఫీసుంది మరి.

ఖరాబైంది పీస్ కాదు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజ్‌నే కట్ చేస్తుంది, న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది. అందుకే ఎక్కడో ఒక న్యూట్రల్ ఎర్త్‌కి తగిలి ఉంటే, ఏ లైను వేసినా కొంత కరెంటు ఆ దారిన పోయి ఆర్‌సీసీబీ పడుతుంది. కాంట్రాక్టర్ మెయిన్ ఆపి, న్యూట్రల్ బార్ నుంచి వైర్లన్నీ విప్పి, ఒక్కొక్క దానికీ ఎర్త్‌కీ మధ్య మెగ్గర్ (వైర్ల ఇన్సులేషన్ కొలిచే మీటర్) పెట్టాడు. మిగతావన్నీ ఒక మెగాఓమ్‌కి ఎంతో పైన ఉన్నాయి, వంటింటిది సున్నా. ఫ్రిజ్ సాకెట్ విప్పితే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి బెత్తెడు ఎర్ర వైరు ముక్క! ఎప్పుడో ఫ్రిజ్ షాక్ కొడుతుంటే ఎవరో చేసిన వైద్యం. ఎర్త్ సరిగా లేని ఆ రోజుల్లో ఆ సాకెట్‌కి వచ్చే న్యూట్రల్ ఎక్కడైనా ఊడితే ఫ్రిజ్ బాడీ మీదికే 230 వోల్టులు వచ్చేవి. నాకు ఒళ్లు మండింది.

ముక్క తీసేశాక ఆర్‌సీసీబీ నిలబడింది. గీజర్ వేస్తే మాత్రం నీళ్లు వేడెక్కేసరికి పడేది. దాని కాయిల్‌లోంచి లీకేజీ వస్తోంది, మార్పించాం. కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టర్ లైన్ల మీద ఏది వేసినా కూడా పడేది. వాటి న్యూట్రల్ ఆర్‌సీసీబీకి ముందే కలిసి ఉందని, ఫేజ్ దాని తర్వాత నుంచి వస్తోందని బయటపడింది. వాటిని సరిచేయడానికి ఒక పూట పట్టింది.

ఆర్‌సీసీబీ మీదున్న 'టీ' (టెస్ట్) బటన్‌ని నెలకోసారి నొక్కుతున్నాను. అది పరికరం పనిచేస్తోందో లేదో మాత్రమే చెబుతుంది, ఎర్త్ వైరు తెగిపోయినా పడుతుంది. అందుకే గుంత రీడింగ్ ఎండాకాలంలో మళ్లీ చూపించమన్నాడు కాంట్రాక్టర్. ఓవర్‌లోడ్‌కి అది పడదు కాబట్టి ఎంసీబీలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకే మనిషి ఒక చేత్తో ఫేజ్, ఇంకో చేత్తో న్యూట్రల్ పట్టుకుంటే అది కూడా కాపాడలేదు.

అత్తయ్య పీట ఇంకా తీయనివ్వలేదు. పై పోర్షన్ వైరింగ్ అలాగే ఉంది. అద్దెకున్నవాళ్లు సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు తాళాలిచ్చి వెళ్తామన్నారు.