కలెక్టరంటే ఎవరు?

సోమవారం, అనంతపురం

పొద్దున్నే ఊరి నుంచి చిన్నాయన దిగాడు. కొత్త పాసుపుస్తకంలో ఆయన పొలం అరెకరా తక్కువ పడింది. తిరగాల్సిన చోటల్లా తిరిగి, ఇంక కలెక్టరుకే అర్జీ పెడతానని నన్ను తోడు రమ్మన్నాడు. సోమవారం గ్రీవెన్స్ కదా, పోయాం.

వరుసలో మా ముందు ఒక అవ్వ. అర్జీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఆ కవరును కొంగులో చుట్టి, రెండు చేతులా పొట్టకు అదిమి పట్టుకుంది. చిన్నాయన ఆమెనే చూస్తా ఉండి అడిగాడు: "డాక్టరంటే తెలుసు, టీచరంటే తెలుసు. కలెక్టరంటే ఏందిరా అర్థం?"

"వసూలు చేసేటాయన, చిన్నాయనా."

"ఎవుర్తో?"

"మనతోనే. శిస్తు."

నమ్మలేదాయన. "ఇంతమంది అడుక్కునేకి వచ్చినారు కదరా!" అన్నాడు.

లోపల అర్జీ తీసుకుని రసీదు ఇచ్చారు. ఆయన బస్సెక్కేశాడు గానీ, ఆ మాట మాత్రం నన్ను పట్టుకునే ఉంది.

1772లో వారన్ హేస్టింగ్స్ బెంగాల్లో ఈ ఉద్యోగం పెట్టింది భూమిశిస్తు రాబట్టడానికే. 1800లో నిజాం మన సీమను ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చాక థామస్ మన్రో ప్రిన్సిపల్ కలెక్టరుగా వచ్చాడు. మొదట మకాం పెట్టింది మన అనంతపురంలోనే. పాలెగాళ్లను అణిచాడు, పొలాలు కొలిపించాడు, మధ్యలో ఎవరూ లేకుండా రైతు పేరునే శిస్తు నిర్ణయించాడు. అది రైత్వారీ. వచ్చింది వసూలుకే, అందులో దాపరికం లేదు. కానీ 1807లో వెళ్లిపోయే ముందు, ఈ శిస్తు ఎక్కువ, నాలుగో వంతు తగ్గించండి అని పైవాళ్లకు రాశాడు. వసూలు చేయాల్సినవాడు ఆ మాట రాయడం నాకు చాలా పెద్ద విషయం. మనవాళ్లు పిల్లలకు మన్రోలప్ప అని పేర్లు పెట్టుకున్నారంటే ఊరికే కాదు.

కలెక్టర్ అనే మాట వేరు లాటిన్లో ఉంది. 'లెగెరె' అంటే ఏరడం. చెనిక్కాయ పీకినాక మన ఆడవాళ్లు చేలో మిగిలిన కాయలు ఏరతారే, ఆ ఏరడమే. ముందు 'కలిపి' అనే అర్థమిచ్చే ముక్క చేరితే కలెక్ట్ అయింది. ఎలక్షన్, సెలక్షన్ కూడా ఆ వేరు నుంచి మొలిచినవే. ఆ క్రియకే 'చదవడం' అనే అర్థం కూడా ఉంది కాబట్టి లెక్చర్ కూడా దాని బిడ్డే. ఓట్లప్పుడు మనం చేసేదీ కాలేజీలో లెక్చరర్ చేసేదీ మాటల్లో అన్నదమ్ములని తెలిసి సంతోషమేసింది.

సరిహద్దు దాటి బళ్లారికి పోతే ఇదే కుర్చీకి డిప్యూటీ కమిషనర్ అని పేరు. జనం డీసీ అంటారు. మన్రో కాలంలో బళ్లారీ మనమూ ఒకే కలెక్టరు కింద ఉన్నవాళ్లమే, 1882లో గదా అనంతపురం విడి జిల్లా అయింది. నన్నడిగితే మన పేరే ఉండాలి. ఈ ఆఫీసు ఎందుకు పుట్టిందో అది దాచిపెట్టదు. ఆ అవ్వ కొంగులోని కాగితానికి ఇక్కడ జవాబు రావాలని అడిగే హక్కు కూడా మనకు ఆ లెక్కలోనే వచ్చింది. ఇన్ని తరాలు కట్టినవాళ్లం మనమే కాబట్టి.

మన్రో 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. మొదట గుత్తిలో పూడ్చి, తర్వాత మద్రాసుకు తీసుకుపోయారు. ఈసారి చిన్నాయన వచ్చినప్పుడు గుత్తికి తీసుకుపోవాలి, ఆ చోటు చూపించాలి.