టెక్సోమా సరస్సులో ఒక్కడినే పడవ దింపి, మళ్ళీ ఎక్కించి

ప్లేనోలో హైవే 75 ఎక్కి ఉత్తరానికి వెళితే గంటలో డెనిసన్. 1944లో రెడ్ రివర్‌కి అడ్డంగా పూర్తయిన డ్యామ్ వెనక నిలిచిన నీరే టెక్సోమా సరస్సు. దక్షిణపు ఒడ్డు టెక్సస్‌ది, ఉత్తరపు ఒడ్డు ఓక్లహోమాది. డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళలో చాలామందికి ఇది వేసవిలో ఒకపూట పిక్నిక్ చోటు. గాలం వేసేవాళ్ళు మాత్రం స్ట్రైపర్ల కోసం, అంటే స్ట్రైప్డ్ బాస్ చేపల కోసం వెళతారు. సముద్రపు చేప అయిన స్ట్రైప్డ్ బాస్‌ని 1960లలో తెచ్చి ఇందులో వదిలారు. వాటి గుడ్లు అడుక్కి చేరకుండా పొదిగేదాకా ప్రవాహంలో కొట్టుకుపోతూ ఉండాలి. అంత పొడవు నది ఇక్కడ ఉంది కాబట్టి అవి తమంతట తామే పెరుగుతున్నాయి. చాలా సరస్సుల్లో ఏటా పిల్లల్ని తెచ్చి వదలక తప్పదు. టెక్సోమాకి విడిగా ఒక లైసెన్సు ఉంది. అది తీసుకుంటే రెండు రాష్ట్రాల నీళ్ళలోనూ పట్టుకోవచ్చు.

ఏప్రిల్ మొదటి వారంలో వెళ్ళాను. తోడు ఎవరూ లేరు. 14 అడుగుల అల్యూమినియం జాన్ బోటు, అంటే అడుగు చదునుగా ఉండే పడవ. వెనక 9.9 హార్స్‌పవర్ మోటారు. ట్రెయిలరు, సామానుతో కలిపి దాదాపు 700 పౌండ్లు. ఇద్దరు వెళితే ఒకరు కారు నడుపుతారు, ఇంకొకరు తాడు పట్టుకుంటారు. ఒక్కరే అయితే కారులో కూర్చున్నంతసేపూ పడవ దగ్గర మనిషి ఉండడు. అందుకని మొత్తం పనికి ఒకటే సూత్రం: పడవని ప్రతి క్షణం ఏదో ఒకటి పట్టుకుని ఉండాలి. గొలుసో, తాడో, మన చెయ్యో. ఒకటి కట్టాకే ఇంకొకటి విప్పాలి.

సామాను సర్దడం ఇంటి దగ్గరే అయిపోవాలి. ఒంటరి మనిషి మోటారు పక్కనే కూర్చుంటాడు. అతని బరువు, మోటారు బరువు రెండూ వెనకే పడితే ముక్కు గాల్లోకి లేస్తుంది, గాలి దాన్ని ఇష్టమొచ్చినట్టు తిప్పేస్తుంది. కాబట్టి 50 పౌండ్ల బ్యాటరీ, ఐసుపెట్టె, లంగరు ముక్కు వైపు పెట్టాను. 3 గ్యాలన్ల పెట్రోలు ట్యాంకుని గొట్టం అందినంత ముందుకి, మధ్య బల్ల కిందికి జరిపాను. రోడ్డు మీదా దీనివల్ల లాభమే. ట్రెయిలరు నాలుక (కారుకి తగిలించే ముందు కొస) మీద మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా పడాలి, నా లెక్కలో 70 నుంచి 100 పౌండ్లు. అంతకన్నా తగ్గితే హైవే మీద ట్రెయిలరు తోక ఊపుతుంది. బాత్రూములో బరువు చూసుకునే మిషను నాలుక కింద పెట్టి తూచుకోవచ్చు.

ర్యాంపు (పడవ దించడానికి నీళ్ళలోకి వాలుగా కట్టిన కాంక్రీటు దారి) చేరగానే నీళ్ళలోకి దిగకూడదు. గంటసేపు పరుగెత్తిన చక్రాల హబ్బులు (బేరింగులు ఉండే నడిమి భాగాలు) వేడిగా ఉంటాయి. వేడి హబ్బు చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి కుంచించుకుపోయి, సీలు సందుల్లోంచి నీటిని లోపలికి పీలుస్తుంది. బేరింగులు పాడవడానికి ఇదే పెద్ద కారణం. ఎలాగూ పావుగంట ఆగాలి కాబట్టి మిగతా పనులన్నీ ఆ పావుగంటలో, ర్యాంపుకి పైన చదునుగా ఉన్న చోట చేసుకుంటాను. ముందుగా పడవ వెనక ఉన్న డ్రెయిన్ ప్లగ్గు బిగించాలి. తర్వాత వెనక రెండు పట్టీలు విప్పి, మోటారు పూర్తిగా పైకెత్తి, లైట్ల ప్లగ్గు కారు నుంచి పీకాలి. డాక్ (నీళ్ళ మీద పడవలు కట్టే వేదిక) తగిలే వైపు ఫెండర్లు, అంటే దెబ్బ తగలకుండా ఆపే మెత్తలు, వేలాడదీయాలి. ముక్కుకి 25 అడుగుల తాడు కట్టి, రెండో కొసని ట్రెయిలరు మీది వించ్ (పిడి తిప్పి పడవని లాగే చక్రం) స్తంభానికి ముడి వేయాలి. వెనక మూలకి ఇంకొక తాడు. లైఫ్ జాకెట్ వేసుకోవలసింది కూడా ఇక్కడే, నీళ్ళ దగ్గర కాదు.

వించ్ పట్టీ, సేఫ్టీ గొలుసు మాత్రం ఇక్కడ ముట్టుకోకూడదు. ర్యాంపులు మామూలుగా 12 నుంచి 15 శాతం వాలులో ఉంటాయి. ట్రెయిలరు మీద పడవ ఆనే చెక్కలకి చుట్టిన కార్పెట్ నున్నగా ఉంటుంది. పైనే పట్టీ విప్పేస్తే పడవ జారి కాంక్రీటు మీద పడుతుంది.

ఊళ్ళో ట్రాక్టరుతో ట్రక్కు రివర్సు చేసిన చేతులకి ఇక్కడ కొత్తగా నేర్చుకునేది లేదు. మిగతావాళ్ళకి చిట్కా ఒకటే. స్టీరింగ్‌ని కింది భాగంలో పట్టుకుంటే, చెయ్యి ఎటు కదిపితే ట్రెయిలరు వెనక భాగం అటే వెళుతుంది. పొట్టి ట్రెయిలరు చాలా త్వరగా మడత పడుతుంది. కొంచెం వంకర కాగానే ముందుకి లాగి సరిచేసుకోవాలి, తిప్పుతూ కూర్చుంటే ఇంకా వంకరవుతుంది. జాన్ బోటు ఎత్తు తక్కువ, కారు అద్దాల్లో కనపడదు. అందుకే ట్రెయిలరుకి రెండు వైపులా నిలువుగా తెల్లటి పీవీసీ గొట్టాలు బిగించాను. వెనక్కి వెళ్ళేటప్పుడు చూసేది వాటినే. పడవ ఎక్కించేటప్పుడు అవే దాన్ని పక్కకి పోనివ్వకుండా ఆపుతాయి.

చక్రాలు నీళ్ళు తాకాక ఆగాను. ముందు హ్యాండ్ బ్రేకు, ఆ తర్వాతే గేరు పార్కులోకి. ఈ వరస తప్పితే బండి భారమంతా గేర్‌బాక్సులోని చిన్న కొక్కెం మీద పడుతుంది. దిగి చక్రం కింద దిమ్మ పెట్టి, ముక్కు తాడు ముడి ఇంకోసారి చూసుకుని, అప్పుడు వించ్ పట్టీ, గొలుసు విప్పాను. దిమ్మ తీసి మళ్ళీ కారెక్కి మెల్లగా వెనక్కి. చెక్కలు మూడింట రెండొంతులు మునిగేసరికి పడవ తేలింది. మెల్లగా ముందుకి వచ్చేస్తే పడవ నీళ్ళలోనే ఉంటుంది, తాడు దాన్ని వదలదు. ఒడ్డుకి గుద్దుకునేంత ముందుకి లాగకూడదు, అంతే. దిగి తాడు విప్పి, చేత్తో నడిపించుకుంటూ డాక్‌కి తీసుకెళ్ళాను. డాక్‌కి గాలి తగలని వైపు కట్టాలి. అప్పుడు గాలి పడవని డాక్ నుంచి దూరంగా తోస్తుందే కానీ దానికేసి కొట్టదు. ముందు వెనక రెండు తాళ్ళూ కట్టాకే కారు పైకి తీసుకెళ్ళాలి.

ఇంజను ఆపే కిల్ స్విచ్ తీగ జాకెట్‌కి తగిలించుకోనిదే మోటారు స్టార్టు చేయను. ఒంటరిగా ఉన్న మనిషి నీళ్ళలో పడితే, తీగ లేని పడవ చుట్టూ తిరిగి అతని మీదికే వస్తుంది. తిరిగి ఎక్కడానికి వెనకవైపు తాడుతో ఒక ఉచ్చు కట్టుకున్నాను. తడి బట్టలతో, పట్టు లేకుండా పడవ అంచు ఎక్కడం బలమైనవాడికి కూడా కష్టం.

పొద్దున దక్షిణపు గాలి. దక్షిణపు గాలిలో టెక్సస్ ఒడ్డు మరుగున ఉంటుంది, నీళ్ళు నిశ్చలం. మధ్యకి వెళ్ళేకొద్దీ అలలు లేస్తాయి, తిరిగి రావడం ఎదురుగాలిలో. చిన్న పడవకి ఒడ్డు వెంట తిరగడమే సరి. నీటిపక్షులు గుంపుగా దూకేచోట కింద షాడ్ చేపల్ని స్ట్రైపర్లు తరుముతుంటాయి. అక్కడ స్లాబ్ స్పూను (బరువైన లోహపు ఎర) అడుగుదాకా దింపి పైకి గుంజడమే పని. మనిషికి రోజుకి 10 స్ట్రైపర్లు పట్టుకోవచ్చు, అందులో 20 అంగుళాలు, ఆపైన ఉన్నవి రెండే.

మధ్యాహ్నానికి ఉత్తరపు గాలి తిరుగుతుందని సూచన ఉంది. పదకొండుకే ర్యాంపుకి వచ్చేశాను, గాలి అప్పటికే మారుతోంది. ఉత్తరపు గాలికి సరస్సంతా దాటొచ్చిన అలలు తిన్నగా టెక్సస్ ర్యాంపుల మీద పడతాయి. ఇలాంటప్పుడు ట్రెయిలరు లోతుగా ముంచితే పడవ చెక్కల మీద నిలవక అలతోపాటు లేచి వంకరగా కూర్చుంటుంది. పొద్దుటికన్నా ఒక అడుగు తక్కువ ముంచాలి. ముందొకసారి చెక్కలు తడిసేలా ముంచి పైకి తెచ్చుకుంటే అంత తక్కువ లోతులోనూ పడవ జారుతుంది. ముక్కు తాడుతో లాగి గొట్టాల మధ్యకి తెచ్చి, వించ్ కొక్కెం తగిలించి, ముక్కు వించ్ స్తంభం మీది రబ్బరుకి ఆనేదాకా తిప్పాను. వించ్ తాళం వేసి ఉండగానే తిప్పాలి. తాళం వదిలితే పిడి గిర్రున తిరిగి మణికట్టు విరుస్తుంది. గొలుసు తగిలించాకే పైకి లాగాలి. ర్యాంపు నాచు మీద కాలు నిలవదు కాబట్టి అడుగులు ట్రెయిలరు చట్రం మీదే వేస్తాను.

కొందరు మోటారు గట్టిగా తిప్పి పడవని ట్రెయిలరు మీదికి ఎక్కించేస్తారు. నాకిది బొత్తిగా నచ్చని అలవాటు. ఆ నీటి ఉరవడికి కాంక్రీటు చివర మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడుతుంది, తర్వాత వచ్చినవాళ్ళ ట్రెయిలరు చక్రం అందులో దిగి ఇరుసు వంగుతుంది.

చదునుకి వచ్చాక ముక్కుకీ రబ్బరుకీ మధ్య రెండు అంగుళాల సందు కనబడింది. వాలులో బిగించినది చదునులో వదులవుతుంది, అక్కడ మళ్ళీ వించ్ బిగించాలి. ఆ తర్వాత పట్టీలు బిగించి, లైట్లు తగిలించి, డ్రెయిన్ ప్లగ్గు తీయడం. టెక్సస్‌లో జీబ్రా మస్సెల్ అనే ఆల్చిప్ప మొదట కనబడింది ఈ సరస్సులోనే, 2009లో. అందుకే పడవలో, ఐసుపెట్టెలో, ఎర బకెట్‌లో ఉన్న సరస్సు నీళ్ళన్నీ పారబోసే కదలాలి. 2014 నుంచి రాష్ట్రమంతటా అదే నిబంధన. ఇంటి దగ్గర ముక్కు ఎత్తుగా పెట్టి, ప్లగ్గు తీసే ఉంచి, కనీసం వారం ఎండనివ్వాలి. ఆ వారంలోనే హబ్బు మూతలు తీసి చూసుకోవాలి. గ్రీజు తెల్లబడి ఉంటే నీళ్ళు చేరినట్టే. పైన కొత్త గ్రీజు కొడితే చాలదు, బేరింగు విప్పి కడిగి, సీలు మార్చి బిగించాలి.