నారదుడు ముందు చేసిన పని

మొన్న రాజమండ్రిలో మా అక్క కూతురి సీమంతం. ఏడో నెల. పొద్దున్నుంచీ పట్టుచీర కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. చేతులనిండా గాజులు, బుగ్గలకు గంధం. అక్షింతలు వేసిన ప్రతి ముత్తైదువా ఒకటే మాట: "టెన్షన్ పడకమ్మా, లోపల బిడ్డకు మంచిది కాదు. భాగవతం చదువుకో, ప్రహ్లాదుడు పుడతాడు." పాపం అది అందరికీ తలూపుతోంది. పీట మీద దాని కాళ్ళు చూశాను. మెట్టెలు వేళ్ళలోకి దిగిపోయేంతగా వాచాయి.

ఇంటికొచ్చాక సప్తమ స్కంధం తీశాను. తల్లి కడుపులో ఉండగానే ప్రహ్లాదుడు నారదుడి బోధ విన్నాడన్నది మనందరికీ గుర్తే. దానికి ముందేం జరిగిందో ఎవరూ చెప్పరు. హిరణ్యకశిపుడు మందరగిరికి తపస్సుకు పోయాడు. దేవతలు వచ్చిపడ్డారు, కావలి ఉండాల్సిన దానవులు ఆలుబిడ్డల్ని కూడా వదిలేసి పారిపోయారు. గర్భవతి అయిన రాణిని (సంస్కృత మూలంలో కయాధువు, మన పోతన భాగవతంలో లీలావతి) ఇంద్రుడు లాక్కుపోతుంటే కురరి పక్షిలా ఏడ్చిందట. దారిలో నారదుడు ఎదురయ్యాడు. "ఈమె ఏ తప్పూ ఎరగదు. తీసుకుపోకూడదు. వదులు, వదులు" అన్నాడు. ఆయన నోట వచ్చిన మొదటి మాట అదే. ఆమెకు వేదాంతమూ చెప్పలేదు, "ఏడవకు, బిడ్డకు మంచిది కాదు" అనీ అనలేదు.

ఇంద్రుడు వదిలాక ఓదార్చి ఆశ్రమానికి తీసుకెళ్ళాడు. "వత్సే, నీ భర్త వచ్చేదాకా ఇక్కడే ఉండు" అన్నాడు. వత్సే అంటే మన "తల్లీ" లాంటి పిలుపు. ఆమె అక్కడ ఎలా ఉందో వ్యాసుడు ఒక్క మాటలో చెప్పాడు: అకుతోభయా. ఏ వైపు నుంచీ భయం లేకుండా. ఉపదేశం ఆ తర్వాతి సంగతి. కాలం గడిచి తల్లి అదంతా మరిచిపోయింది, కొడుకు మరవలేదు.

యాజ్ఞవల్క్య స్మృతిలో ఒక శ్లోకం ఉంది:

దోహదస్యాప్రదానేన గర్భో దోషమవాప్నుయాత్ |
వైరూప్యం మరణం వాపి తస్మాత్కార్యం ప్రియం స్త్రియాః ||

గర్భిణి కోరింది ఇవ్వకపోతే బిడ్డకు కీడు, రూపం చెడవచ్చు, ప్రాణమే పోవచ్చు అంటుంది. ఆ మాటలు అక్షరాలా పట్టుకుని ఏ పిల్లనీ బెదిరించకండి. నాకు కావలసింది చివరి పాదం: "కాబట్టి ఆమెకు ఇష్టమైనది చేయాలి." ఎవరు చేయాలి? చుట్టూ ఉన్నవాళ్ళు. ఆయుర్వేదం రాసిన చరకుడూ అంతే. గర్భిణిని నూనె నిండిన పాత్రలా, తొణక్కుండా చూసుకోమన్నాడు. ఆ జాగ్రత్త మోసేవాళ్ళకు చెప్పినది, పాత్రకు కాదు.

ఇప్పటి వైద్యం ఏమంటుందంటే, దిగులు, భయం నెలల తరబడి ఉంటే తల్లి ఒంట్లో కార్టిసాల్ అనే హార్మోన్ పెరగవచ్చు. మాయలో (ప్లాసెంటాలో) ఒక ఎంజైమ్ దాన్ని చాలావరకు విరిచేసి బిడ్డ దాకా పోనివ్వదు. ఒత్తిడి తెగకపోతే ఆ కాపలా సడలవచ్చంటారు. 37 వారాలు నిండకుండా కాన్పు కావడం, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం, వీటి అవకాశం కొంత పెరుగుతుంది. అందరికీ అలా జరుగుతుందని కాదు. ఒకరోజు ఏడ్చినంత మాత్రాన, ఒకసారి పోట్లాడినంత మాత్రాన ఏమీ కాదు.

1998 జనవరిలో కెనడాలోని క్యూబెక్‌లో మంచు తుఫాను వచ్చి కొన్ని ఇళ్ళకు వారాల తరబడి కరెంటు లేదు. అప్పుడు గర్భంతో ఉన్నవాళ్ళ పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. ఇక్కట్లు ఎక్కువ పడ్డ తల్లుల పిల్లలకు రెండేళ్ళప్పుడు మాటలు, గ్రహింపు సగటున కొంత తక్కువగా కనిపించాయి. తల్లి మనసులో ఎంత బెంగపడిందన్నదాని కంటే, చీకట్లో, చలిలో నిజంగా ఎన్నాళ్ళు గడిపిందన్నదే ఆ తేడాను ఎక్కువ పట్టి చూపింది. "టెన్షన్ పడకు" అనే ముందు ఆ టెన్షన్ ఎక్కడ్నుంచి వస్తోందో చూడాలి కదా. ఈఎంఐయా, ఆఫీసా, అత్తగారి మాటా? రెండు వారాలుగా నిద్ర లేక, ఊరికే ఏడుపొస్తోందంటే డాక్టరుకు చెప్పాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్‌కు, 14416కి ఫోన్ చేసినా మాట్లాడతారు.

సీమంతంలో కూడా ఇదే ఉంది, మనమే పేరంటం కింద తోసేశాం. ఆపస్తంబ గృహ్యసూత్రం ప్రకారం మేడికాయలు, దర్భలు, ఏదుముల్లుతో (ముళ్ళపంది ముల్లుతో) భర్త పాపిట తీస్తాడు. ఇద్దరు వీణ వాయిస్తూ పాడతారు, ఆ పాటలో తాము కాపురముండే నది పేరు చెప్పాలి. మాకైతే గోదావరి. తర్వాత మొలకెత్తిన యవలు (బార్లీ గింజలు) ఆమెకు కడతారు. ఇక చుక్కలు పొడిచేదాకా ఆమె మౌనంగా ఉండాలి. ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు, తలూపనక్కర్లేదు! మన వీడియోల్లో ఈ భాగం కనిపించదు.

ఆ రోజు మూడింటికి అది నా చెయ్యి పట్టుకుని, "పిన్నీ, కాసేపు పడుకోనా? ఎవరైనా ఏమైనా అనుకుంటారా?" అంది. లోపలికి తీసుకెళ్ళి, గాజులు ఒక్కొక్కటే తీసి, కాళ్ళ కింద రెండు దిండ్లు పెట్టి తలుపు వేశాను. ఫొటోలు మిగిలాయని ఫొటోగ్రాఫరు గొణిగాడు. మా అక్క తలుపు తట్టబోతే నేనే అడ్డం కూర్చున్నాను. దీపాలు పెట్టే వేళకు లేచి, తలుపు ఓరగా తీసి, "పిన్నీ, పెరుగన్నంలోకి మాగాయ ఉందా?" అంది.