ఎనుమాముల గింజలు, త్సుకుబా స్లైడు

నేను జపాన్ల పనిచేస్త, టోక్యోకు పైపక్క త్సుకుబాల. మాది హన్మకొండ. ఇక్కడ నా పనేందంటే ప్రోటీన్ల మీద ఎక్కి ఉండే చక్కెరలను మైక్రోఅర్రేతోని, అంటే గాజు స్లైడ్ మీద వరుసగ పెట్టిన చిన్న చిన్న చుక్కలతోని, పట్టుకునుడు. చక్కెర అనంగనే మనోళ్లు షుగర్ బీమారి అనుకుంటరు, అది వేరే ముచ్చట. షుగర్ ఎక్కువైతే గ్లూకోజ్ దానంతటదే పోయి హిమోగ్లోబిన్‌కు అంటుకుంటది, హెచ్‌బీఏ1సీ టెస్టుల చూసేది దాన్నే. నేను చూసేటివి కణం తన ఎంజైములతోని వరుసగా అతికించుకున్న చక్కెరలు. మన బ్లడ్ గ్రూపులు గూడ ఇవే కదా, ఏ గ్రూపుకు బీ గ్రూపుకు తేడా ఎర్రకణం మీద చివర్న ఉండే ఒక్క చక్కెరే.

డీఎన్ఏ చదివితే ప్రోటీన్ ఏందో తెలుస్తది గని దాని మీద ఏ చక్కెరలు ఎక్కినయో అందుల రాసి ఉండదు, కణం మంచిగున్నప్పుడు ఒక తీరు ఉంటయి, క్యాన్సర్ అయినా లివర్ గట్టిపడ్డా ఇంకో తీరు మారుతయి, ఆ మార్పును పట్టడానికే లెక్టిన్లు కావాలె. లెక్టిన్ అంటే ఒక రకం చక్కెరను గుర్తువట్టి పట్టుకునే ప్రోటీన్. మేం వాడేటియి శానా వరకు గింజల నుంచి తీసినయే.

చేరిన కొత్తల స్లైడ్ మీద ఏ చుక్కల ఏ లెక్టిన్ ఉన్నదో రాసిన షీట్ ఇచ్చిన్రు. లాటిన్ పేర్లు ఒక్కొక్కటే చదువుకుంట పోతే పల్లీలు, ఆముదాలు, గోధుమలు, పనసగింజలు, ఉలవలు! పనస తీసేస్తే మిగిలినయన్నీ మా వరంగల్ ఎనుమాముల మార్కెట్ దిక్కు పోయినోళ్లకు తెలిసిన గింజలే, ఇంత దూరమొచ్చి వాటితోనే పనిచేస్తనని ఎన్నడు అనుకోలే, మస్తు సంబురమైంది.

మా ల్యాబ్‌ల ఒక సీనియర్ మేడం ఉన్నది. ఉలవ లెక్టిన్ ఏండ్ల సంది వాడుతున్నది గని ఆ గింజ ఎన్నడు చూడలేదట. అమ్మకు వీడియో కాల్ చేసి "అమ్మా, ఒకపారి ఉలవలు చూపియ్యే" అన్న. "ఏ, ఆడ దొర్కయా బిడ్డా, పంపియ్యాల్నా?" అనుకుంట చాటల పోసుకొచ్చి ఫోన్ ముంగట పట్టింది. మేడం దగ్గరికొచ్చి, వీటిని ఏం చేస్కుంటరని అడిగింది. చారు కాస్తం, గుగ్గిళ్లు చేస్తం, ఎడ్లకు పెడతం అని చెప్పిన. అవన్నీ నోట్‌బుక్‌ల రాసుకున్నది.

ఇగ అసలు పనికొస్తే, లెక్టిన్ పట్టు శానా బలహీనం. మామూలు అర్రేలల్ల శాంపిల్ పోసినంక కడుగుతరు, ఆ కడుగుడుల పట్టు శానా వరకు ఊడిపోతది. దీనికి ఉపాయం దొరికింది ఈ త్సుకుబాలనే, 2005ల, హిరబయాషి అనే సైంటిస్ట్ గారి టీమ్ కడగకుండనే చదివే పద్ధతి పెట్టిన్రు. శాంపిల్‌ల ప్రోటీన్లకు ముందుగాల మెరిసే రంగు అంటిస్తరు. వెలుగును గాజు లోపల్నుంచి పంపుతరు, అది గాజు దాటి ఒకటి రెండు వందల నానోమీటర్ల దాకనే వస్తది, గందుకే పైన ద్రవంల తేలుతున్న రంగు మెరవదు, చుక్కకు అతుక్కున్న ప్రోటీనే మెరుస్తది. నా లెక్కల మొత్తం పనిల అన్నిటికంటె గొప్ప ఆలోచన ఇదే.

పల్లీ చుక్క ఉంటది చూడున్రి, చక్కెర గొలుసు చివర్న సియాలిక్ యాసిడ్ అనే ఇంకో చక్కెర కప్పుకొని ఉన్నంత సేపు అది కదలదు మెదలదు. అదే శాంపిల్‌కు సియాలిడేజ్ అనే ఎంజైమ్ కలిపి ఆ కప్పు తీసేసి మళ్ల పోస్తే చుక్క తెల్లగ వెలుగుతది. శానా క్యాన్సర్లల్ల ఆ కప్పు లేకుండ లోపలి చక్కెర బయటపడి ఉంటది, గందుకే పల్లీ చుక్కకు అంత విలువ. అర్రే ఒక్కటే చూసి పూర్తి నిర్మాణం చెప్పలేం, దానికి మాస్ స్పెక్, అంటే అణువుల బరువు కొలిచే మిషన్, కావాలె, గని రెండు శాంపిళ్లల్ల తేడా ఏడుందో ఇంత చిన్న మోతాదుల ఇంకోటి చెప్పదు.

ఇట్ల అర్రేల మీద వెతికి విస్టీరియా గింజ లెక్టిన్‌ను ఎంచుకున్నరు, వసంతంల ఇక్కడ ఊదా గుత్తులు వేలాడే తీగ అది. దానితోని చేసిన ఎం2బీపీజీఐ అనే రక్త పరీక్ష లివర్ ఎంత గట్టిపడ్డదో అంచనా ఇస్తది, 2015 సంది జపాన్ల ఇన్సూరెన్స్ కింద చేస్తున్నరు. లివర్‌ల సూది గుచ్చి ముక్క తీసుడు కొంత మందికన్న తప్పుతది. మన జిల్లాలల్ల గూడ ఇసొంటిది రావాలని నా కోరిక.

మన దిక్కు బయోకెమిస్ట్రీ చదివే పిల్లలకు ఒకటి చెప్తున్న, అర్రే చదివే స్కానర్ లేదని ఆగకున్రి. ఉలవలు దంచి సెలైన్‌ల నానబెట్టి, సెంట్రిఫ్యూజ్ చేసి పైతేట తీసుకొని, మీ సారు ముంగట, బ్లడ్ బ్యాంకు కణాలతోని, గ్లౌజులు ఏస్కొని స్లైడ్ మీద కలుపున్రి. ఏ గ్రూపుల ఏ1, ఏ2 అని రెండు రకాలుంటయి. ఏ1 కణాలు గడ్డలు కడతయి, ఓ గ్రూపు కణాలు కట్టయి. చిక్కటి రసమైతే ఏ2ను గూడ పట్టుకుంటది, గందుకే పల్చగ చేసుకుంట పోయి ఏ2 ఆగి ఏ1 ఒక్కటే గడ్డకట్టే కాడ ఆపున్రి.