మూడు ఒప్పందాలు, ఒకటే సరిహద్దు

మెక్సికోకి పక్కనున్న మధ్య అమెరికా దేశాలతో ఒకప్పుడు మూడు వేర్వేరు స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాలు ఉండేవి. 1995లో కోస్టారికాతో, 1998లో నికరాగువాతో, 2001లో గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్ మూడింటితో కలిపి ఇంకోటి అమల్లోకి వచ్చాయి. సుంకాలు తగ్గాయి కదా, ఇంకేం ఇబ్బంది అనిపిస్తుంది. అసలు తలనొప్పి సుంకంలో కాదు, "ఈ సరుకు ఏ దేశానిది?" అన్న ప్రశ్నలో ఉంది. గ్వాటెమాలా ముడిసరుకుతో కోస్టారికాలో ఏదో తయారుచేసి మెక్సికోకి పంపారనుకోండి, ఆ ముడిసరుకు కోస్టారికా ఒప్పందం లెక్కలో పరాయిదే, అందుకని పక్కపక్క దేశాలన్నిటికీ మెక్సికోతో ఒప్పందం ఉన్నా రాయితీ చేజారిపోవచ్చు. విడ్డూరం కాదూ! పైగా ఒక్కో ఒప్పందానికి ఒక్కో సర్టిఫికెట్, ఒక్కో రూలు. పెద్ద కంపెనీలకి లాయర్లుంటారు, చిన్న ఎగుమతిదారుకి మాత్రం టెన్షనే.

2011 నవంబరులో ఆరు దేశాలూ ఒకే ఒప్పందంపై సంతకాలు చేశాయి, 2012, 2013ల్లో ఒక్కో దేశంలో అమల్లోకి వచ్చింది. ఇప్పుడు పొరుగుదేశపు ముడిసరుకుని కూడా మనదే అన్నట్టు లెక్కేసుకోవచ్చు. నా మటుకు నాకు సుంకాల కోత కంటే ఇదే పెద్ద లాభం.