పుస్తకం తర్వాత తెరుద్దాం, ముందు ముచ్చట చెప్పనీయ్

మా దేవరకొండ దిక్కు చానా బళ్లల్ల తండా పిల్లలే ఎక్కువ. ఇంట్ల లంబాడీ, బడికొస్తే తెలుగు, 2022-23ల సర్కారు బళ్లల్ల ఇంగ్లీష్ మీడియం పెట్టినంక పుస్తకంల ఒకపక్క ఇంగ్లీష్ ఇంకోపక్క తెలుగు. మంచిదే గానీ, ఒకటో తరగతికి కొత్తగ వచ్చిన తండా పిల్లకు రెండు పేజీలూ పరాయియే కదా.

అందుకే చిన్న క్లాసులల్ల ముందు వాళ్లతోని మాట్లాడిస్త. మొన్న ఒక పోరడు వాళ్ల మేక తప్పిపోయిన ముచ్చట చెప్పిండు, సగం లంబాడీ సగం తెలుగు, తెలుగు దొరకని కాడ పక్కనున్న పోరి అందిచ్చింది. వాడు చెప్పింది చెప్పినట్టే బోర్డు మీద రాసిన: "మా మేక తప్పిపోయింది. తాత రాత్రంత దేవులాడిండు. పొద్దుగాల మక్కచేన్ల దొరికింది." ఒక్క అక్షరం దిద్దలే, దిద్దితే వాడి ముచ్చట పోయి నా పాఠమైతది. వాడు వేలు పెట్టుకుంట చదివిండు, తర్వాత క్లాసంత చదివింది, ఇగ అవే వాక్యాలు అట్టముక్కల మీద రాసి కలగలిపి వరుసగ పేర్చమన్న. అక్షరాలు సరిగ రానోళ్లు కూడ "మేక" ఉన్న ముక్కను టక్కున పట్టుకున్నరు, కథ ముందే ఎరుకాయె. బీఎడ్‌ల దీన్నే లాంగ్వేజ్ ఎక్స్‌పీరియన్స్ అప్రోచ్ అని చదివినం, అప్పుడు పరీక్షకోసం బట్టీ పట్టుడే.

ఒకరెన్క ఒకరు లేచి చదివే పద్ధతైతే నాకస్సలు నచ్చదు. ఒకడు చదువుతుంటే మిగిలినోళ్లు వింటరా ఏంది, నాకు ఏ లైన్ వస్తదో అని లెక్కపెట్టుకుంటుంటరు. ఇద్దరిద్దరిని కూసోబెట్టి ఒకే పేజీ మళ్లమళ్ల చదివిస్తే నయం.

ఎనిమిదో తరగతి ఇంగ్లీష్‌కి 4/3/2 వాడుత. 1983ల కీత్ మారిస్ రాసిన పద్ధతి, అదే ముచ్చట ముందు 4 నిమిషాలు, ఇంకొకరికి 3, మరొకరికి 2 నిమిషాలల్ల చెప్పాలె. మా పిల్లలకు 4 ఎక్కువైతదని 2 నిమిషాలకాన్నుంచి షురూ చేస్త. సాగర్ గేట్లు ఎత్తినప్పటి ముచ్చట చెప్పమంటే ఒక పిల్ల మొదట "వాటర్... వెరీ బిగ్" అని ఆగిపోయింది, మూడోసారికి "వి వెంట్ టు సాగర్, ఆల్ ట్వంటీ సిక్స్ గేట్స్ ఓపెన్" అని ఒక్క గుక్కల చెప్పేసింది. గ్రామర్ నడుమల పట్టుకోను, అయిపోయినంకనే.

లొల్లి మస్తుంటది, పక్క క్లాస్ సార్ వచ్చి తొంగి చూస్తడు, చూడనీయ్. వినేటోళ్లు ఊకె కూసోకుంట ముచ్చట అయినంక ఒక్క ప్రశ్న అడగాలె అని ముందే చెప్పిపెట్టాలె, లేకుంటే కిటికీలకెళ్లి బయటికి చూసుకుంట కూసుంటరు.