మనం, మేము, జనవరి 17

పొద్దున లేచి చూస్తే ఇడ్లీ పిండి పొంగలేదు. రాత్రి ఓవెన్‌లో లైటు వేసి గిన్నె లోపల పెట్టడం మర్చిపోయాను. జార్జియా చలి అంత పెద్ద చలేం కాదు గానీ పిండిని పొంగకుండా ఆపడానికి సరిపోతుంది. దాన్నే అట్లుగా పోసి అందరికీ పెట్టేసి, మిగిలిన పిండి ఈసారి గుర్తుపెట్టుకుని ఓవెన్‌లో లైటు కింద పెట్టి, కాఫీ పట్టుకుని కూర్చున్నానో లేదో అమ్మాయి ఒక కాగితం తెచ్చి ముందు పడేసింది. ఓటరు నమోదు ఫారం. నాకోసమేనట.

పోయిన ఆగస్టులో నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, ఈ దేశం వచ్చిన ఇరవై ఏళ్ళకి. ఆ మర్నాటి నుంచీ ఇది నా వెంట పడుతూనే ఉంది, నేను రేపు మాపు అంటూనే ఉన్నాను. జార్జియాలో పదిహేడున్నర నిండితే పేరు నమోదు చేసుకోవచ్చు, ఓటు మాత్రం పద్దెనిమిది నిండాకే. తను ఎప్పుడో చేసేసుకుంది. ఆన్‌లైన్‌లో నేను చెయ్యనని దానికి అర్థమైపోయి, స్కూల్లో వీళ్ళ క్లబ్బు పంచుతున్న కాగితం ఫారమే పట్టుకొచ్చింది. మూడేళ్ళప్పుడు దీనికి అన్నం తినిపించడానికి నేను ఇల్లంతా తిరిగేదాన్ని, ఇప్పుడు అది పెన్ను పట్టుకుని నా చుట్టూ తిరుగుతోంది.

పేరు, అడ్రసు, పుట్టిన తేదీ అన్నీ రాసుకుంటూ వచ్చి ఒకచోట ఆగాను. జాతి. నలుపు, తెలుపు, హిస్పానిక్, ఆసియా-పసిఫిక్ దీవులు, ఇలా వరసగా గళ్ళు. ఓటుకి ఇదెందుకే అంటే, ఎక్కువగా దక్షిణాది రాష్ట్రాలే ఇలా అడుగుతాయమ్మా, ఒకప్పుడు నల్లవాళ్ళని ఓటు వెయ్యనివ్వని రాష్ట్రాలు కదా, ఇప్పుడు ఎవరు నమోదయ్యారో ఎవరు కాలేదో ఈ లెక్కతోనే తెలుస్తుంది అంది.

నాకు మాత్రం చీరాలలో ఆరో తరగతిలో చేరిన రోజు గుర్తొచ్చింది. గుమాస్తా తలెత్తకుండా "కులం?" అన్నాడు, నాన్న చెప్పారు, ఆయన రాసుకుని పక్కన ఓసీ అని పెట్టాడు. నాన్న గొంతులో ఏ తడబాటూ లేదు, గుమాస్తా ముఖంలో ఏ మార్పూ లేదు. అంత తేలిగ్గా ఒక గడి నింపడం కూడా ఒక వసతేనని అప్పుడు తెలీదు, నిజానికి ఇవాళ పొద్దున్నే తెలిసింది, ఈ రెండో గడి ముందు పెన్ను ఆగినప్పుడు.

"ఆసియన్ అని టిక్ పెట్టు, అంత ఆలోచన ఎందుకు" అని మా ఆయన సోఫాలోంచి. అమ్మాయికి మాత్రం ఆలోచన ఎందుకో చెప్పాలనిపించింది. 1970 జనాభా లెక్కల్లో మనవాళ్ళని తెల్లవాళ్ళలో కలిపేశారట, "ఏషియన్ ఇండియన్" అనే గడి 1980లో గానీ రాలేదట. దానికంటే ముందు భగత్ సింగ్ థిండ్ అనే ఆయన, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ దేశపు సైన్యంలో పనిచేసినాయన, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడట. ఆ రోజుల్లో వలస వచ్చినవాళ్ళలో తెల్లవాళ్ళకీ, ఆఫ్రికా మూలాల వాళ్ళకీ మాత్రమే పౌరసత్వం. ఆయన తరఫున చేసిన వాదనేమిటంటే, ఈయన ఆర్యుడు, పై కులం హిందువు, కాబట్టి తెల్లవాడే అని. 1923లో కోర్టు అదంతా కుదరదు పొమ్మంది. అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్ళవి కూడా కొందరివి వెనక్కి తీసేసుకున్నారు, మళ్ళీ 1946లో చట్టం మారేదాకా మనవాళ్ళలో చాలామందికి దారే లేదు.

"పై కులం అని చెప్తే తెల్లగా అయిపోతారనుకున్నారా, మమ్మీ?" అని నవ్వింది. నేను నవ్వలేకపోయాను. నాన్న గొంతు వినిపించింది నాకు అందులో.

ఆసియన్ గడిలోనే టిక్ పెట్టాను. సంతకం పెట్టి మడవబోతుంటే, ఆగు, నాతో డౌన్‌టౌన్‌కి రా, పోస్టులో వేసేద్దాం, ఒకటి చూపించాలి అంది. ఈ ఊరు వచ్చి పన్నెండేళ్ళయింది, కమ్మింగ్ డౌన్‌టౌన్‌లో నాకు తెలిసినవి కోర్టు భవనం, దాని పక్కన పార్కింగ్ దొరకని వీధి, అంతే. మా ప్రపంచమంతా ఈ ఫోర్సైత్ కౌంటీ దక్షిణ భాగంలో స్కూళ్ళూ, ఇండియన్ స్టోర్లూ, గుడీ, కూచిపూడి క్లాసులూ.

అక్కడొక చారిత్రక ఫలకం ఉంది. ఎన్నిసార్లు దాని పక్కనుంచి కారులో పోయానో లెక్కలేదు. 2021లో పెట్టారట. రాబ్ ఎడ్వర్డ్స్ అనే నల్లజాతి యువకుణ్ణి 1912 సెప్టెంబర్‌లో జైల్లోంచి లాక్కొచ్చి, చంపి, ఇదే సెంటర్లో స్తంభానికి వేలాడదీశారు. తెల్లజాతి అమ్మాయి మీద దాడి జరిగిందన్న ఆరోపణ దానికి కారణం. ఇంకో ఇద్దరు టీనేజీ కుర్రాళ్ళని అక్టోబర్‌లో కోర్టు తీర్పు పేరుతో వేలమంది చూస్తుండగా ఉరితీశారు. ఆ తర్వాత రాత్రిళ్ళు గుంపులుగా తిరిగి, చర్చిలు తగలబెట్టి, తలుపులు బాది, కౌంటీలో ఉన్న నల్లవాళ్ళని దాదాపు అందరినీ, వెయ్యిమందికి పైగా, వెళ్ళగొట్టారు. పొలాలున్నవాళ్ళు అయినకాడికి అమ్ముకుని పోయారు, అమ్ముకోలేనివాళ్ళు వదిలేసి పోయారు. ఆ తర్వాత డెబ్భై అయిదేళ్ళ పాటు ఈ కౌంటీ తెల్లవాళ్ళ కౌంటీగానే ఉంది.

"ఇవాళ డేట్ ఎంత?" అంది. పదిహేడు. సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ సెలవు. 1987లో కూడా జనవరి 17, అదీ శనివారమే, హోజియా విలియమ్స్ అని కింగ్‌తో కలిసి పనిచేసినాయన కొద్దిమందిని వెంటబెట్టుకుని ఇక్కడ నడవడానికి వస్తే రాళ్ళూ సీసాలూ విసిరారు. ఆ మరుసటి శనివారం ఇరవై వేలమంది వచ్చారు, కింగ్ భార్య కొరెట్టా స్కాట్ కింగ్ వచ్చింది, నేషనల్ గార్డ్ సైనికులు దారి పొడవునా నిలబడ్డారు. తర్వాత నెలలో ఓప్రా విన్‌ఫ్రే ఇక్కడికే వచ్చి తన టీవీ షో చేసింది. 1987 అంటే నేను నాలుగో తరగతి. అదేం పురాతన చరిత్ర కాదు.

ఇదంతా చెప్పి అది తెలుగులో ఒక మాట అంది, "మనం వాళ్ళని తరిమేశాం మమ్మీ, ఇక్కడినుంచి."

మనం, మేము తేడా దానికి ఎప్పటికీ రాదు. "మనం స్కూల్లో పరీక్ష రాశాం" అంటుంది, నువ్వు రాశావు తల్లీ, నేను రాయలేదు అని ఎన్నిసార్లు దిద్దానో. అలవాటు కొద్దీ ఇప్పుడూ దిద్దాను, "మనం కాదే, వాళ్ళు తరిమేశారు" అని. అది నావైపు చూసి, ఇంగ్లీషులోకి మారకుండా, కష్టపడి వెతుక్కుంటూ అంది కదా, "నేను ఇక్కడే పుట్టాను. ఈ దేశం చేసింది మంచిదైతే మనం అంటాను, చెడ్డదైతే వాళ్ళు అనాలా?"

పోస్టాఫీసు దాకా నడిచాం, శనివారం కదా, మేం వెళ్ళేసరికి మూసేశారు. బయట డబ్బాలో వేద్దామంటే కవరుకి స్టాంపు లేదు. నాకు ఇలాంటివి బాగా జరుగుతాయి.

తిరిగొచ్చేటప్పుడు కారు అదే నడిపింది. నేను మాట్లాడలేదు, ఎందుకంటే నాకు ఈ ఇల్లు కొన్నరోజు గుర్తొస్తోంది. అప్పుడు మాకు ఇళ్ళు చూపించిన మనాయనే ఒకాయన "మంచి ఏరియా మేడమ్, స్కూళ్ళు టాప్, మనవాళ్ళే ఎక్కువ, నల్లోళ్ళు అసలు ఉండరు" అన్నాడు. నేను ఆయన్ని ఒక్క మాట అనలేదు. అనలేదు సరికదా, లోపల ఒక నిశ్చింత. అది ఇక్కడ రాసుకోవాలి. ఎందుకు ఉండరు అని అడగాలనే తోచలేదు, మబ్బు లేకపోతే ఎండ కాసినట్టు అదేదో దానంతటదే అయిందనుకున్నాను. 2020 లెక్కల్లో ఈ కౌంటీ జనం రెండున్నర లక్షలు, అందులో ఆసియా వాళ్ళం 18 శాతం దాకా, నల్లవాళ్ళు 4 శాతం. ఏటా కార్తీక వనభోజనాలకి వెళ్ళే లేనియర్ సరస్సు, 1950ల్లో ఆనకట్ట కడితే ఏర్పడిందే, 1912లో పారిపోయినవాళ్ళు బతికిన ఆస్కర్‌విల్ ప్రాంతం కొంత దాని కిందే ఉంది. పులిహోర డబ్బాలు విప్పుకుని పాటలు పాడుకున్న ఒడ్డు అది.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వాట్సాప్‌లో యుద్ధంలో ఉన్నారు. వాళ్ళ గ్రూపులో రోజూ ఇదే. ఒకాయన మనం చదువుకుని కష్టపడి పైకొచ్చాం, వాళ్ళకేం అడ్డొచ్చింది అంటాడు, నలుగురు బొటనవేళ్ళు పెడతారు. మనం ఇక్కడికి రాగలిగింది 1965 వలస చట్టం వల్ల, అది అక్టోబర్‌లో వచ్చింది, ఆగస్టులో నల్లవాళ్ళు దెబ్బలు తిని సాధించుకున్న ఓటు హక్కు చట్టం మీద కూడా అదే ప్రెసిడెంటు జాన్సన్ సంతకం పెట్టాడు, రెండూ ఆ ఒక్క కాలపు గాలికి వచ్చినవే అని అమ్మాయి ఎన్నిసార్లు చెప్పినా ఈయన "సరే సరే" అంటారు. మొన్న సెప్టెంబర్‌లో కొత్త హెచ్-1బి దరఖాస్తుకి లక్ష డాలర్లు అన్న శుక్రవారం రాత్రి మాత్రం ఆ గ్రూపులో ఎవరికీ నిద్ర లేదు. ఇండియా వెళ్ళినవాళ్ళు ఎయిర్‌పోర్టులకి పరిగెత్తారు. చట్టప్రకారం వచ్చిన మన జోలికి ఎవరూ రారు అని అంతవరకూ రాసినాయన ఆ రాత్రి ఒక్క మెసేజీ పెట్టలేదు.

"ఈ కౌంటీలో నీ ఓటు వేసినా ఒకటే వెయ్యకపోయినా ఒకటే" అని ఈయన వాదన. అమ్మాయి ఫోన్ తీసి లెక్కలు చెప్పింది. ఇక్కడ 2012లో రిపబ్లికన్ పార్టీ రామ్నీకి 80 శాతం ఓట్లు, 2020కి అదే పార్టీ ట్రంప్‌కి 66 శాతం దగ్గరికి దిగాయి. ఆ ఏడాది జార్జియా మొత్తంలో బైడెన్ గెలిచింది 11,779 ఓట్లతో. "మన గుడి ఉగాదికి వచ్చేంతమంది, నాన్నా" అంది, అది కొంచెం అతిశయోక్తే. 2024లో మళ్ళీ ట్రంప్ గెలిచాడుగా అని ఈయన. అవును, గెలిచాడు. ఇద్దరూ కాసేపు గొంతులు పెంచారు, నేను ఉల్లిపాయలు తరిగాను. ఈయన ఎవరికి వేశారో నాకు ఇప్పటికీ చెప్పలేదు, నేను అడగలేదు, దానికి తెలిస్తే ఇంట్లో ఏమవుతుందోనని టెన్షన్.

రాత్రి భోజనాలయ్యాక దాని గదిలోకి వెళ్ళాను. చెప్పాలనిపించింది, ఎవరికీ చెప్పంది.

1985 జూలై. నాకు ఎనిమిదేళ్ళు. చీరాలకి ఏడెనిమిది కిలోమీటర్ల దూరంలో కారంచేడు, అక్కడ మంచినీళ్ళ చెరువు దగ్గర మొదలైన గొడవ. దళితులు తాగే నీళ్ళని పాడుచేయొద్దని ఒక మాదిగ అమ్మాయి అడ్డం చెప్పింది, అంతే. మర్నాడు ఊళ్ళో పెత్తందారీ కులం వాళ్ళు మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని చీరాలకి పారిపోయి వచ్చి, శిబిరంలో ఉండి, చాలామంది మళ్ళీ ఆ ఊరు వెళ్ళలేదు, చీరాలలోనే ఉండిపోయారు. శిబిరం మా ఇంటికి నడిచెళ్ళేంత దూరం. మా ఇంట్లో మాత్రం ఆ నెలంతా గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. మా పనిమనిషి రెండు వారాలు రాలేదు, ఎందుకు రాలేదని అమ్మ విసుక్కుంది. నన్ను అటువైపు వెళ్ళొద్దన్నారు. నేను వెళ్ళలేదు.

అది మంచం మీద మోకాళ్ళు ముడుచుకుని వింది. ఫోర్సైత్ గురించి తెలుసుకోవడానికి దానికి ఫలకం ఉంది, కారంచేడు గురించి దానికి నేను తప్ప ఎవరున్నారు, ఆ నేనే పదిహేడేళ్ళు నోరు విప్పలేదు.

"వాళ్ళని తరిమింది మనవాళ్ళా?" అని అడిగింది.

మా ఇంటిపేరు వాళ్ళెవరూ ఆ గుంపులో లేరు, మాది ఆ ఊరు కాదు అని చెప్పొచ్చు. నిజమే కూడా. నోటిదాకా వచ్చింది. మనం అనాలో, మేము అనాలో, వాళ్ళు అనాలో తేల్చుకోలేక కాసేపు అలాగే కూర్చున్నాను. "మనవాళ్ళే" అన్నాను చివరికి.

అది ఏమీ అనలేదు. టేబుల్ మీది ఫారం తీసి ఒకసారి చూసి, నా చేతికిచ్చింది. "సంతకం దగ్గర డేట్ వెయ్యలేదు నువ్వు."

వేశాను. స్టాంపు సోమవారం కూడా దొరకదు, సెలవు. ఓవెన్‌లో పిండి మాత్రం ఇప్పుడు పొంగి గిన్నె మీంచి కారిపోయింది, అది తుడవాలి.